అయిదు చేతుల రేకు

పోచమ్మ చేతి సంగతి చెప్పాలంటే ముందు మా తొట్ల సంగతి చెప్పాలి. లేకపోతే ఆమె ఎందుకు అంత కుంగిపోయిందో అర్థం కాదు.

తార్నాక నుంచి లాలాపేట పోయే దారిలో, ఒక సందు చివర, ఇన్నయ్య సారు షెడ్డు ఉండేది. బీరువాలు, ఆఫీసు టేబుళ్ళు, పుస్తకాల రాక్‌లు చేసేవాళ్ళం. తొంభైల నడిమి మాట ఇది. ఇప్పుడు ఆ జాగాలో అపార్ట్‌మెంట్ లేచింది. నా పని తొట్ల దగ్గర.

ఇనుప రేకు మీద నేరుగా రంగు కొడితే చూడటానికి బాగానే ఉంటుంది. రెండు వానలు పడ్డాక చూడాలి దాని సంగతి. రంగు అప్పడంలా ఉబ్బి పెచ్చులు పెచ్చులుగా రాలిపోతుంది. లోపల ఎర్రగా తుప్పు. రంగుకూ ఇనుముకూ మధ్య పట్టు ఇచ్చేది ఒకటి ఉండాలి. దానికే ఫాస్ఫేటు పట్టించడం అంటారు. మా షెడ్డులో సిమెంటు గట్టు మీద వరసగా తొట్లు ఉండేవి. మొదటి దాంట్లో సోడా నీళ్ళు మరుగుతుంటాయి, రేకు మీది నూనె పోతుంది. కడగాలి. తర్వాత యాసిడ్, పాత తుప్పు పోతుంది. మళ్ళీ కడగాలి. ఆఖరున ఫాస్ఫేటు తొట్టి. అది చేయి పెట్టలేనంత వేడిగా ఉండాలి, అలాగని మరగకూడదు. రేకును అందులో దించితే కాసేపు బుసబుసమని సన్నగా నురగ కక్కి ఊరుకుంటుంది. పైకి తీస్తే మెరుపంతా పోయి బూడిద రంగులో ఉంటుంది. కొత్తగా చూసినవాళ్ళు పాడైపోయిందనుకుంటారు. బోరు నీళ్ళు కాచే గిన్నె లోపల గార కడుతుంది కదా, అలాంటిదే, కాకపోతే ఇది చాలా సన్నగా, ఇనుము ఒంట్లోంచి పుట్టినట్టు పడుతుంది. రంగు ఆ గరుకును పట్టుకుని కూర్చుంటుంది.

తొట్టిలోంచి తీసి, కడిగి, నిలబెట్టిన రేకులను ఆరబెట్టే పని పోచమ్మది. నీటిబొట్టు ఎక్కడ నిలిచినా అక్కడ మచ్చ పడుతుంది. ఆమె పొడి గుడ్డతో అంచులు, మడతలు, మూలలు అద్ది అద్ది ఆరబెట్టేది. తొందర అనేది ఆమెకు తెలియదు. నాకూ తెలియదు. అందుకే మాకిద్దరికీ కుదిరింది.

ఆమె సీతాఫల్‌మండిలో, రైలు పట్టాల పక్కన, ఒక గదిలో ఉండేది. భర్త ఎప్పుడో పోయాడు. ఒక్కడే కొడుకు, రాంచందర్. యూనివర్సిటీలో చరిత్ర ఎం.ఏ. చదివేవాడు. ఇంటి నుంచి క్యాంపస్‌కు నడిచి పోయి, డిపార్ట్‌మెంటు లైబ్రరీ తలుపులు మూసేదాకా అక్కడే ఉండేవాడట. రెండో ఏట కామెర్లు వచ్చాయి. పోచమ్మ వాళ్ళ ఊరికి పోయి పసరు తెచ్చింది. ఆ పసరుకు గిన్నె తగలకూడదని, తల్లి అరచేతిలో పోసి తాగించాలని చెప్పారు. అలాగే తాగించింది, పరగడుపున, తన కుడి అరచేతిలో పోసుకుని. తగ్గలేదు. పెద్దాసుపత్రికి తీసుకుపోయేసరికి ఆలస్యం అయిపోయింది.

ఆ తర్వాతే ఆమె మా షెడ్డుకు పనికి వచ్చింది. నేను మొదట గమనించింది ఏమిటంటే, మధ్యాహ్నం అందరం కూర్చుని తినేటప్పుడు ఆమె ఎవరికీ కుడిచేత్తో ఏమీ పెట్టేది కాదు. ఎవరైనా కూర అడిగితే గిన్నె జరిపేది.

రంగు కొట్టే గట్టయ్యకు నోరు ఊరుకోదు. ఒకరోజు అన్నాడు: "ఏందక్కా, జెర నీ చేత్తోని ఇంత ఎయ్యరాదు? నా చెయ్యి ఎంగిలున్నది."

"తీస్కో తమ్మీ. నా చేత్తోని వద్దు."

"ఎందుకొద్దు? చేతికేమన్న విషమున్నదా?"

పోచమ్మ తల ఎత్తి చూసింది. "ఉన్నది" అంది. అంతే. గట్టయ్య అన్నం ముద్ద అట్లనే పట్టుకుని ఉండిపోయాడు. అప్పుడు నాకు ఆ పసరు సంగతి తెలియదు. తర్వాత ఆమే చెప్పింది, తొట్టి దగ్గర, ముఖం పక్కకు తిప్పుకుని.

"మరి ఈ రేకులు ముడుతున్నవు గద" అన్నాను నేను, ఏదో ఒక మాట అనాలని.

"ఇనుముకేమైతదన్నా? దానికి పాణం లేకపాయె."

ఆ ఏడు ఎండాకాలంలో యూనివర్సిటీ పని వచ్చింది. చరిత్ర డిపార్ట్‌మెంటు లైబ్రరీకి ఇనుప రాక్‌లు కావాలన్నారు. పాత చెక్క రాక్‌లకు చెద పట్టి, పుస్తకాలన్నీ నేల మీద పేర్చి పెట్టారట. పని సరిగ్గా జరిగేట్టు చూడటానికి టెక్నాలజీ కాలేజీ నుంచి అరుంధతి మేడం వచ్చింది. అనంతపురం వైపు మనిషి, విద్యానగర్‌లో ఉండేది. లోహాలకు వేసే పూతల మీదే ఆమె చదువంతా. తొట్లన్నీ తిరిగి చూసింది. ఫాస్ఫేటు తొట్టిలో నీళ్ళు సీసాలో పట్టుకుంది. పోయే ముందు మాకందరికీ చెప్పింది.

"ఈ బూడిద రంగు రేకును నూనె చేతుల్తో ముట్టుకోవద్దండి. దీనికి రంగు తొందరగా పడాల. పడేదాకా ఇది పసిపిల్ల మాదిరి."

మేం తలలూపాం. నూనె చేతులతో ముట్టుకోవద్దని మాకూ తెలుసు. ఆ మాట పోచమ్మ కూడా విన్నది.

మేడం పోయాక పోచమ్మ నా దగ్గరకు వచ్చింది. "లచ్చన్నా, గదేనా? మా రాంచందర్ కూసునే లైబ్రరేనా?"

"గదేనంట."

ఆమె అక్కడే గట్టు మీద కూర్చుండిపోయింది. తర్వాత తెలిసింది. కొడుకు కొనుక్కున్న పుస్తకాలు ఒక ట్రంకు నిండా ఉన్నాయి. వాటిని ఆ లైబ్రరీకి ఇస్తానని పోయి అడిగిందట. అక్కడివాళ్ళు మంచిగానే మాట్లాడారట, పెట్టడానికి జాగా లేదమ్మా, కొత్త రాక్‌లు వచ్చాక తీసుకురా అన్నారట. ఆ కొత్త రాక్‌లు ఇవే.

మర్నాటి నుంచి పోచమ్మ ఒక పద్ధతి పెట్టుకుంది. రేకు ఆరబెట్టడం అయ్యాక బోరు నల్లా దగ్గరకు పోయేది. సబ్బుతో చేయి రుద్ది రుద్ది కడుక్కునేది. గుడ్డకు తుడుచుకునేది కాదు, గుడ్డకు నూనె ఉంటుందేమోనని. చుక్క కారకుండా విదిలించి, ఆ తడి చేయి పట్టుకుని వచ్చి, రాక్ పక్కలకు బిగించే రేకు మీద అరచేయి మొత్తం ఆనించి, కాసేపు ఉంచి, ఆ చేయి కళ్ళకు అద్దుకునేది. ప్రతి రేకుకూ అంతే.

మేమందరం చూశాం. మాకు అందులో తప్పేమీ కనిపించలేదు. పొద్దున మోటారు వేసే ముందు నేనూ స్విచ్చుకు మొక్కేవాణ్ణి. గట్టయ్య రంగు డబ్బా మూత తీసి కళ్ళకద్దుకునేవాడు. పుస్తకాలు పెట్టే వస్తువు, పైగా ఆమె కొడుకు చదివిన చోటు. ఎవరు వద్దంటారు? నిజం చెప్పాలంటే నాకు సంతోషం అనిపించింది. ఆ కుడిచేయి మళ్ళీ ఒక వస్తువును ప్రేమగా ముట్టుకుంటోందని.

వానలు మొదలయ్యే ముందే రాక్‌లు పంపాం. డిపార్ట్‌మెంటు లోపల సున్నాలు వేస్తున్నారని వాటిని వరండాలో నిలబెట్టుకున్నారు. వానలు పడ్డాయి. వరండాలోకి జల్లు కొట్టింది. బోనాల పండుగ అయ్యాక ఒకరోజు ఇన్నయ్య సారుకు కబురొచ్చింది, వచ్చి చూసుకోమని.

ఇన్నయ్య సారు, నేను, గట్టయ్య పోయాం. పోచమ్మకు రాక్‌లు లోపల పెడుతున్నారని మాత్రమే తెలుసు. "నేను ఇంటికి పోయి ట్రంకు తీస్కొని వస్త, మీరు నడువుండ్రి" అంది.

క్యాంపస్‌లో చెట్ల నుంచి ఇంకా నీళ్ళు కారుతున్నాయి. వరండాలో అరుంధతి మేడం నిలబడి ఉంది. రాక్‌లను గోడ నుంచి ఇవతలికి జరిపి పెట్టించింది. మేం పక్కకు పోయి చూశాం.

ప్రతి రాక్ పక్క రేకు మీద, దాదాపు ఒకే ఎత్తులో, ఒక అరచేయి ఉంది. అయిదు వేళ్ళూ తెలుస్తున్నాయి. రంగు ఆ ఆకారంలో బుడగలు బుడగలుగా లేచింది. కొన్ని బుడగలు పగిలి లోపలి నుంచి ఎర్రటి నీళ్ళు కిందికి కారి ఉన్నాయి. మిగతా రేకంతా కొత్త పెళ్ళికొడుకులా మెరుస్తోంది.

"అమ్మో" అన్నాడు గట్టయ్య. "ఏంది సారూ ఇది? రాత్రిపూట దయ్యమేమన్న వచ్చి..."

"నోర్ముయ్, గట్టయ్యా." ఇన్నయ్య సారు నా వైపు తిరిగాడు. "లక్ష్మయ్యా, తొట్టి సల్లగ పెట్టినవా? మందు తక్కువ పోసినవా? సక్కగ చెప్పు."

తొట్టి వేడి సరిగ్గానే ఉంది. కానీ కళ్ళ ముందు తుప్పు కనబడుతుంటే ఏమని చెప్పను?

మేడం అడ్డం వచ్చింది. "ఆయన్ని అనొద్దండి. తొట్టి తప్పైతే రేకంతా పోతుంది. ఇది చేయి పడిన చోట మాత్రమే పోయింది. రంగు వేయకముందు ఎవరో ఒట్టి చేత్తో ముట్టినారు. ఒకరే ముట్టినారు. ఎవరు?"

నాకు తెలుసు. గట్టయ్యకూ తెలుసు. ఇద్దరం నేల చూశాం. అప్పుడే మెట్ల కింద రిక్షా ఆగింది. పోచమ్మ దిగి, ట్రంకును రిక్షా అతని చేత మోయించుకుని పైకి వచ్చింది. ఉతికిన చీర కట్టుకుంది. మా ముఖాలు చూసి ఆగింది. తర్వాత రాక్ చూసింది.

ఆమె నెమ్మదిగా దగ్గరకు పోయి ఆ మచ్చ మీద తన కుడి అరచేయి ఆనించింది. వేలికి వేలు సరిపోయింది.

"నాదే" అంది. "నా శెయ్యే, మేడం."

"ఎందుకు ముట్టినావమ్మా? నేను చెప్పినాను కదా."

"నూనె శెయ్యి పెట్టొద్దన్నరు. నేను కడుక్కొని పెట్టిన. సబ్బు పెట్టి కడిగిన. ప్రతిసారి కడిగిన."

"కడుక్కున్నా చాలదమ్మా" అంది మేడం. "చర్మంలోంచి చెమట వస్తూనే ఉంటుంది. చెమటలో ఉప్పు. మీ బోరు నీళ్ళలోనూ ఉప్పు. అది రంగు కింద ఉండిపోతుంది. వానాకాలం తేమను రంగులోంచి లోపలికి గుంజుకుంటుంది. గుంజుకుని బుడగ కడుతుంది."

పోచమ్మ ఆ మాటలన్నీ విన్నదో లేదో. "అంటే నేనే పాడు జేసిననా?"

మేడం అబద్ధం చెప్పలేదు. "అవునమ్మా. మచ్చలు నీ చేతివే."

పోచమ్మ చేయి వెనక్కి తీసుకుంది. కొంగులో చుట్టుకుంది. చిన్నపిల్లలు దెబ్బ తగిలిన చేయి దాచుకున్నట్టు. ట్రంకు వైపు చూడనైనా చూడకుండా మెట్లు దిగి వెళ్ళిపోయింది. రిక్షా అతను ట్రంకు పక్కన నిలబడి "అమ్మా, దీన్నేం జెయ్యాలె?" అని అరుస్తూనే ఉన్నాడు.

ట్రంకు అక్కడి అటెండరు లోపల పెట్టుకున్నాడు. రాక్‌ల సంగతి మేడం తేల్చి చెప్పింది. రంగు మొత్తం ఊడదీసి, మొదటి నుంచి మళ్ళీ చేసి, ఒక ముక్క పరీక్షకు ఇవ్వాలి. అది నిలబడితేనే రాక్‌లు లోపలికి పోతాయి. ఇన్నయ్య సారు ఒప్పుకున్నాడు. ఒప్పుకోక ఏం చేస్తాడు?

మర్నాడు పోచమ్మ రాలేదు. ఆ మర్నాడూ రాలేదు. నేను సీతాఫల్‌మండి పోయాను. గదిలో పొయ్యి వెలిగించిన జాడ లేదు. గడపలో కూర్చుని ఉంది. పట్టాల మీద రైలు పోతే ఇల్లంతా అదిరింది.

"పనికి రావా, చెల్లే?"

"రాను."

"ఎవలేమన్నరని?"

"ఎవ్వలనలే. ఇనుముకేమైతదని అన్న నేను. ఇనుముక్కూడ అయిందిగదన్నా." కొంగులో చుట్టుకున్న చేయి చూపించింది. "గీ శెయ్యి ఏది ముట్టినా ఖరాబే. పిలగాడు పాయె. వాని పుస్తకాలకు ఇంత జాగా అయితదనుకుంటే, దాన్నీ ముట్టి పాడు జేస్తి. నేను గాడికొస్తే మీ తొట్లు గూడ పోతయి."

"గట్ల మాట్లాడకు. మేడం జెప్పింది ఇనలేదా? ఉప్పని చెప్పింది."

"ఆమె సదువుకున్నది. నా మనసు కష్టపెట్టొద్దని ఏదో ఒకటి చెప్తది."

మేడం మాట నాకూ సగమే ఎక్కింది. నేనూ ఎన్నోసార్లు ఆ రేకులను మోశాను. అంచులు పట్టుకుని మోశాను, నిజమే. కానీ ఎప్పుడూ ఒక్క వేలు తగలలేదా? ఎక్కడా నా మచ్చ ఎందుకు లేదు? దారంతా అదే ఆలోచన. తిరిగి వస్తూ క్యాంపస్‌లో బస్సు దిగి, టెక్నాలజీ కాలేజీకి పోయి మేడం గది ముందు నిలబడ్డాను.

"ఏం పెద్దాయనా? రాండి, కూర్చోండి."

నేను కూర్చోలేదు. "మేడం, ఒక మాట అడుగుత. ఆ పోచమ్మ శెయ్యి ఒక్కటే అట్లున్నదా? లేకపోతే ఎవలు పెట్టినా అంతేనా?"

"ఎవరు పెట్టినా అంతే. కొందరిది కొంచెం ఎక్కువ, కొందరిది తక్కువ."

"ఆమె నమ్ముతలేదు." అలా మొదలుపెట్టి, కొడుకు సంగతీ, పసరు సంగతీ, పుస్తకాల సంగతీ మొత్తం చెప్పేశాను. చెప్పొచ్చో లేదో నాకు తెలియదు. చెప్పకుండా ఉండలేకపోయాను. "మీరు పెద్ద సదువులు సదివిన్రు. ఆ పసరుతోని పిల్లగాడు పోలేదని ఒక్క మాట చెప్పరాదు మేడం. మీరు చెప్తె ఇంటది."

"ఆ సంగతి నాకు తెలీదు, పెద్దాయనా. తెలీనిది నేను చెప్పలేను. నాకు ఇనుము సంగతి తెలుసు. ఇనుము సంగతైతే మాటలతో చెప్పను, చూపిస్తాను." లేచింది. "పరీక్ష రేకు ఎట్లాగూ కావాల. ఆమెను రమ్మని చెప్పండి. ఆమె చేయి లేకపోతే పరీక్ష కాదు, పరీక్ష కాకపోతే రాక్‌లు పాస్ కావని నేను చెప్పినానని చెప్పండి."

ఆ మాటతోనే పోచమ్మ వచ్చింది. కొడుకు పుస్తకాల కోసం వచ్చింది. షెడ్డు గేటు లోపలికి అడుగు పెట్టి, గోడకు ఆనుకుని నిలబడింది. తొట్ల వైపు రాలేదు.

నేను ఒక వెడల్పు రేకును అన్ని తొట్లలో ముంచి తీశాను. అంచులు మాత్రమే పట్టుకుని, చేతులకు తొడుగులు వేసుకుని. వేడి గాలిలో ఆరబెట్టి బల్ల మీద పరిచాం. మచ్చ లేని బూడిద రంగు. మేడం సుద్దముక్కతో అంచున గుర్తులు పెట్టింది.

"ఈ సగం ఎవరూ ముట్టకూడదు. ఈ సగంలో అందరం చేయి పెట్టాల. ఒకేరకంగా. ఆ నల్లా దగ్గరే సబ్బుతో కడుక్కోండి, పోచమ్మ ఎట్లా కడుక్కునిందో అట్లాగే."

అందరం నల్లా దగ్గర వరసగా నిలబడ్డాం. గట్టయ్య చేతులకు ఉన్న రంగు గాసునూనెతో పోగొట్టుకుని, తర్వాత సబ్బుతో రెండుసార్లు రుద్దాడు.

"పెళ్ళికి గూడ ఇంత కడగలే నేను" అన్నాడు.

"తెలుస్తనే ఉంది" అన్నాడు ఇన్నయ్య సారు. తర్వాత మేడంను అడిగాడు: "మేడం, మేం చర్చికి పోయేటోళ్ళం. నాకు కళ్ళకద్దుకునుడు అలవాటు లేదు. ఉత్తగ పెడితే నడుస్తదా?"

"నడుస్తుంది సార్. ఇనుముకు తెలీదు."

మొదట మేడం తన చేయి పెట్టింది. బూడిద రేకు మీద తడి గుర్తు కాసేపు కనబడి ఆరిపోయింది. తర్వాత ఇన్నయ్య సారు, తర్వాత గట్టయ్య, తర్వాత నేను. రేకు చల్లగా, గరుకుగా ఉంది. ఇన్నేళ్ళూ తొట్ల దగ్గర ఉండి కూడా అరచేయి మొత్తం ఆనించి చూసింది అదే మొదటిసారి.

పోచమ్మ గోడ దగ్గరే ఉంది.

"రావాలమ్మా" అంది మేడం.

"నేను పెడితే మీ అందరివీ పాడైతయి."

"మాది మాకు ఎట్లా ఉందో చూసుకుందాం. నువ్వు ఆ వరసలోనే పెట్టు, పెద్దాయన పక్కన."

ఆమె కడుక్కుని వచ్చింది. కొంగులోంచి చేయి తీసింది. రేకు మీద జానెడు ఎత్తున ఆ చేయి ఆగిపోయింది. ఆఖరుకు చేయి దించింది. ఈసారి కళ్ళకద్దుకోలేదు.

ఆ రేకుకు గట్టయ్య రంగు కొట్టాడు. ఆరాక చూస్తే ఏమీ తెలియలేదు. ముట్టిన సగమూ ముట్టని సగమూ ఒకటే నునుపు, ఒకటే ఆకుపచ్చ. మేడం దాన్ని కాలేజీకి తీసుకుపోయి, లోపల ఎప్పుడూ వెచ్చటి ఆవిరి నిండి ఉండే ఒక పెట్టెలో పెట్టింది. వానాకాలం మొత్తాన్ని ఆ పెట్టె కొద్ది రోజుల్లో చూపిస్తుందట.

ఈలోపు పని ఆగలేదు. రాక్‌ల రంగంతా సోడాలో ఊడదీశాం. మళ్ళీ యాసిడ్, మళ్ళీ కడుగుడు. పోచమ్మ వచ్చేది, ఊడ్చేది, నీళ్ళు తోడేది. రేకుల దగ్గరకు మాత్రం వచ్చేది కాదు. ఆరబెట్టడానికి ఇన్నయ్య సారు వేరేవాళ్ళను పెట్టాడు. వాళ్ళు మూలలు వదిలేస్తే నేను మళ్ళీ తుడిచేవాణ్ణి. ఇక నా మనసులో ఒకటే భయం. ఒకవేళ ఆ పెట్టెలోంచి రేకు తీసినప్పుడు ఆమె చేయి ఒక్కటే లేచి ఉంటే? కొందరిది ఎక్కువ, కొందరిది తక్కువ అని మేడమే అన్నది కదా. ఆమెను ఈ పరీక్షకు పిలిచి ఇంకా పెద్ద గుంతలో తోశానేమో అనిపించేది. ఆ భయం ఎవరికీ చెప్పలేదు.

మేడం రమ్మన్న రోజు నేను, పోచమ్మ, గట్టయ్య తార్నాక నుంచి నడిచే పోయాం. ఇన్నయ్య సారు స్కూటర్ మీద ముందే చేరాడు. ల్యాబులో పెట్టె మూత తీస్తే ఆవిరి మా ముఖాల మీదికి వచ్చింది. మేడం రేకును తీసి, నీళ్ళు తుడిచి, కిటికీ దగ్గర వెలుతురులో పెట్టింది. నేను ముందుగా పోచమ్మ ముఖమే చూశాను, రేకు చూసే ధైర్యం లేక.

ఆమె రేకు చూస్తోంది. కదలడం లేదు.

అప్పుడు నేనూ చూశాను. ముట్టని సగం అద్దంలా ఉంది. ఈ సగంలో అయిదు చేతులు లేచాయి. అయిదూ. వరసగా బుడగలతో, వేళ్ళతో సహా.

పోచమ్మ దగ్గరకు వంగింది. మొదటి చేయి మీద వేలు పెట్టింది. "గిది ఎవలది?"

"నాది" అంది మేడం.

"మీదా? మీ శెయ్యా?"

"నాదే అమ్మా. చూడు, నీ దానికంటే ఎక్కువగా లేచింది. రోజంతా ఈ ల్యాబులోనే ఉంటాను, ఈ చేతులే, ఇంత చదువుకున్న చేతులే."

పోచమ్మ పక్కది చూపించింది. ఇన్నయ్య సారు దగ్గి, "నాదే" అన్నాడు. బొటనవేలు దగ్గర ఎర్రటి చార కిందికి కారి ఉంది.

"గిది?"

"గది నాదక్కా" అన్నాడు గట్టయ్య. "అందరికంటె పెద్దగ లేచింది సూడు. మా ఇంటామె సూస్తె, నేను ముందే చెప్పిన గద అంటది."

ఆ పక్కది నాది. ఆమె అడగలేదు, నేనే చెప్పాను. నా వేళ్ళు మధ్యలో వంకర, అందరికీ తెలుసు.

చివరిది ఆమెది. దాన్ని చాలాసేపు చూసింది. మిగతా నాలుగింటి పక్కన అది కూడా ఒక చేయి, అంతే. అన్నిటికంటే చిన్నది. బుడగలు కూడా అంతంతే.

"అంటే అందరియీ..." అంది. ఆ మాట పూర్తి కాలేదు. బల్ల అంచు పట్టుకుంది. ఏడుపు వచ్చింది. మాకు వినబడేట్టు కాదు, భుజాలు మాత్రం కదిలాయి. మేడం పోయి ఆమె పక్కన నిలబడింది. పసరు సంగతి ఎవరూ ఎత్తలేదు. ఆ సంగతి ఆ రేకు మీద లేదు, ఎప్పటికీ ఎవరూ చెప్పలేరు. కొడుకు పోయిన బాధ అంతా అట్లనే ఉంది. కానీ చేయి మాత్రం, మా చేతుల్లాంటి చేయి.

ఇన్నయ్య సారు కిటికీ అవతలకు చూస్తూ, "మరి రాక్‌లు, మేడం?" అని మెల్లగా అడిగాడు.

"ముట్టని సగం చూడండి సార్. ఇట్లా చేసి తెండి, పాస్ చేస్తాను. తొడుగులు వేసుకుని చేయాల, అంతే. మొక్కేవాళ్ళు రంగు ఆరినాక మొక్కుకోండి, ఎంతసేపైనా."

పోచమ్మ కొంగుతో ముఖం తుడుచుకుంది. అరచేయి తిప్పి ఒకసారి చూసుకుంది. దాన్ని మళ్ళీ కొంగులో చుట్టుకోలేదు.

"లచ్చన్నా" అంది. "ఆ కొత్త పిలగాండ్లు మూలలు ఇడిసిపెడ్తున్నరు. నేను సూస్తనే ఉన్న. మడతల నీళ్ళు నిలుస్తున్నయి."

"అవునమ్మా, నేనూ సూసిన."

"సూసి ఊకున్నవా?"

"మల్ల తుడుస్తున్నగద."

"నువ్వు తుడిస్తె తొట్టి ఎవలు సూస్తరు?" మేడం వైపు తిరిగింది. "మేడం, ఆ తొడుగులు నా శేతికి సరిపొయేటియి ఉన్నయా? వాళ్ళయి పెద్దగుంటయి, జారుతయి."

మేడం సొరుగు వెతికి తెల్లటి నూలు తొడుగుల జత ఒకటి తీసింది. పోచమ్మ అక్కడే వేసుకుని చూసుకుంది. కుడిచేతిది కొంచెం బిగుతు. వేళ్ళు ముడిచి, తెరిచి, మళ్ళీ ముడిచింది.

"పాండ్రి" అంది. "తొట్టి కింద మంట పెట్టి వచ్చినమా లేదా? సల్లారితే మల్ల మధ్యాహ్నం దాక ఎక్కదు."

ముందు తనే బయటికి నడిచింది. మేం వెనక నడిచాం.